చాప మడత

టర్బో పెట్టించుకోమన్నాడు
ఓడరేవులో పనిచేసే మా బావమరిది.
నా కత్రెల్ మొత్తం అమ్మినా
ఆ నత్తగుల్ల రాదు.

నలభై ఐదేళ్ల బండి. మీగడ రంగు టాక్సీ.
గేరు కర్ర గొడుగు పిడిలా
డాష్‌బోర్డులోంచి పొడుచుకొస్తుంది.
తానా నగరమంతా మెట్లూ ఎక్కుళ్లూ.
ఇసుట్రి బజారులో ముగ్గుర్ని ఎక్కించుకుని
అందుహాలుకి బయల్దేరితే
మూడో మలుపు దగ్గర ఒకరు దిగాలి.
దిగేది ఎప్పుడూ బకూలి టీచరమ్మే.
అడగకముందే దిగి, గొడుగు విప్పి,
నాకన్నా ముందే పైకి చేరేది.

వూహిరానా షెడ్డుకి బోర్డు లేదు,
గోడకి వేలాడే సైకిల్ చైన్లే గుర్తు.
"ఎంత తెచ్చావు?"
"ఇరవై వేల అరియారీ."
"అయితే పెట్టడం లేదు, తియ్యడమే" అంది.

తీసింది.
అమ్ముదామని దాచిన రెండు చచ్చిన బ్యాటరీలు,
సగం గేరుబాక్సు,
నిరుటి వానల్లో తడిసి గడ్డకట్టిన ఇసుక బస్తా,
పాత జాకీ, కొత్త జాకీ, రెంటికీ పట్టని రెంచీ,
చెవి పోయిన తాళం.
"టిక్కెట్టు కొననివాణ్ణి ఒకణ్ణి
రోజూ వెంటేసుకు తిరుగుతున్నావు."
అడుగున ఒక రాయి మిగిలింది,
ఎక్కుడులో చక్రం కింద పెట్టేది.
అది ఉండనీ అన్నాను. ఉండనిచ్చింది.

ఫిల్టరు దులిపితే పిడికెడు ఎర్రమట్టి.
"ముక్కు మూసి పరుగెత్తమంటే
నువ్వు పరుగెత్తుతావా?"
ప్లగ్గులు నాలుగూ ఊడదీసి
ఒక్కోటీ వెలుతురుకేసి పట్టి చూసింది పళ్ల డాక్టరులా.
రెంటిని రుద్దింది, రెంటిని కొనమంది.
సందు కొలవడానికి విరిగిన హాక్సా బ్లేడు ముక్క.
మనవడు తాహిరి సైకిల్ పంపుతో టైర్లకి గాలి కొట్టాడు,
నూట పదిదాకా లెక్కపెట్టాడు,
ఆపైన లెక్క మానేసి తిట్టడం మొదలెట్టాడు.

వెనక చక్రం లేపి చేత్తో తిప్పింది.
సగం తిరిగి ఆగిపోయింది.
"చూశావా? బ్రేకు పట్టు వదల్లేదు.
నువ్వు కాలు తీశావు గానీ
అది చెయ్యి తియ్యలేదు."

ఇక బానెట్ కింద తల పెట్టి, "తొక్కు" అంది.
తొక్కాను.
"పూర్తిగా."
"పూర్తిగానే తల్లీ! ఇంకా తొక్కితే కింద నేలే."
"ఇక్కడికి ముప్పావే వస్తోంది."
వచ్చి, వంగి, నా కాళ్ల దగ్గర చెయ్యి పెట్టి లాగింది.

చాప.
జూన్ చలికి పాదాలు కొంకర్లు పోతాయని
మా ఆవిడ అల్లి ఇచ్చిన రాఫియా చాప.
పెడల్ కింద రెండు మడతలుగా
ఎన్నేళ్లుగా పడుకుందో.
ఎన్నేళ్లుగా నేను
పెట్రోలు కల్తీ అన్నాను, ఇంజను ముసలిదన్నాను,
ఒక్కోసారి నన్నే అనుకున్నాను.

ప్లగ్గులకి పధ్నాలుగు వేలు.
కూలి కింద చచ్చిన బ్యాటరీలు ఉంచుకుంది.
చాప చుట్టి నా చంకలో పెట్టింది:
"ఇంట్లో పరుచుకో. ఎందుకు తీశావో మాత్రం చెప్పకు."

మర్నాడు ముగ్గురూ, ఒక బియ్యం బస్తా.
మొదటి మలుపు. రెండోది.
మూడో మలుపులో టీచరమ్మ అలవాటుగా
తలుపు మీద చెయ్యి వేసింది.
"అక్కర్లేదమ్మా, కూర్చోండి."
రెండో గేరులోనే గుర్రుమంటూ ఎక్కేసింది బండి.
నేను అద్దంలో ఆమె ముఖం చూశాను,
మెచ్చుకుంటుందని.

ఆమె వెనక్కి తిరిగి చూస్తోంది.
"ఆ మలుపులో దిగితే
చెరువు చుట్టూ జకరండాలు కనిపించేవి" అంది,
"పూసే నెల ఇది."

మర్నాడు అదే మలుపులో ఆగాను.
బండి ఆగమనలేదు, మిగతా ఇద్దరూ గొణిగారు.
దిగి, చక్రం కింద రాయి పెట్టి,
తలుపు తీశాను.